బావగారి అంబాసిడర్‌కి మానిఫోల్డు వెతుక్కుంటూ

కాశీ వెళ్లొచ్చినవాళ్లు గంగనీళ్లు తెచ్చి పంచుతారు. నేను రాజాం, శ్రీకాకుళం, కళింగపట్నం తిరిగి ఒక ఇనుప గొట్టం తెచ్చాను. దాన్ని గ్లాసులో పోసి పంచడం కుదరదు కాబట్టి ఎలా తెచ్చానో చెబుతాను. అటువైపు వెళ్లనివాళ్లు వింటే చాలు, వెళ్లేవాళ్లు మాత్రం ఇంజను సంగతి ఎవరికి అప్పగిస్తున్నారో చూసుకుని మరీ వెళ్లండి.

కొత్తవలస

నాకు కొత్తవలసలో డ్రైవింగు స్కూలు ఉంది. రోజూ పొద్దున్నే ఆడపిల్లల చేత క్లచ్చి తొక్కిస్తూ గొంతు చించుకుంటాను. నోరు పెద్దదని ఊళ్లో పేరు. నిజమే, చిన్న నోరుతో ఆ పని జరగదు.

నాకు డ్రైవింగు నేర్పింది మా బావగారు. అంటే మా ఆయన సింహాచలానికి అన్నగారు, పేరు సూర్యనారాయణ. తన టాక్సీ అంబాసిడర్ మీదే నేర్పారు. కొత్తకోడలి చేతికి స్టీరింగ్ ఇచ్చాడేంటని చుట్టాలు పకపకా నవ్వితే, "నవ్వినోల్లని ఎక్కించుకోను. నడిసి రండి" అన్నారు. నిజంగానే నడిపించారు. అందుకే ఆ మనిషన్నా, ఆ తెల్ల కారన్నా నాకు ప్రాణం.

ఆ మధ్య కారు ఇంజను పూర్తిగా పోయింది. మెకానిక్కు షెడ్డు ఉన్న మా ఆయన, ఎక్కడో పల్టీ కొట్టిన పికప్ వ్యాను ఇంజను తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. కారు కాగితాల్లో కూడా ఆ మార్పు ఎక్కించుకున్నాం. కానీ ఆ ఇంజను ఇల్లరికం వచ్చిన అల్లుడిలా తయారైంది. తిండి తింటుంది, పని చెయ్యదు. కారణం టర్బో లేకపోవడం. టర్బో అంటే కమ్మరి తిత్తి లాంటిదనుకోండి. ఇంజను వదిలే పొగ వేగానికి అందులో చక్రం తిరిగి, ఇంజనుకి గాలి ఊదుతుంది. అప్పుడు దానికి దమ్ము వస్తుంది. నాలుగు సిలిండర్ల పొగనీ పోగు చేసి టర్బో మూతికి అందించే గొట్టం పేరే మానిఫోల్డు. టర్బో మా దగ్గర ఉంది. ఇంజనుతో వచ్చిన మానిఫోల్డుకి బిగిస్తే అది వెళ్లి అంబాసిడర్ ఛాసిస్‌కి గుద్దుకుంటోంది. అందుకని టర్బో తీసి అటక మీద పెట్టాం.

బావగారు ఒకసారి కారెక్కి చూశారు. రైలు వంతెన ఎక్కుతుంటే పాల క్యాన్లు కట్టుకున్న సైకిలువాడు మమ్మల్ని దాటుకుని పోయాడు. పోతూ పోతూ బెల్లు కూడా కొట్టాడు. బావగారు దిగి తలుపు వేసేశారు.

"ఇది బండేటమ్మీ? మంచం పట్టిన మనిషి. దీన్ని ఇలాగ సూడ్నేను. పాత ఇనుముకి ఇచ్చీసి సేతులు కడుక్కుంటాను."

నేను ఊరుకుంటానా? వాదించాను, ఏడ్చాను, అన్నం మానేస్తానన్నాను. చివరికి ఆయన ఒక షరతు పెట్టారు.

"వచ్చే ఆదివారం మనం నలుగురం, రెండు బియ్యం బస్తాలు. సాలూరు కొండ ఘాటు రోడ్డు కింద నుంచి పైదాకా ఎక్కడా ఆగకుండా ఎక్కించు. ఎక్కిందా, కారు నీది. దార్లో ఆగిందా, సోమవారం ఇనుము కొట్టుకి. మల్ల నాతో వాదించకు."

అందుకే బయల్దేరాం, నేనూ మా ఆయనా, అదే కారులో, టర్బోని వెనక సీట్లో దుప్పటి కప్పి పడుకోబెట్టి.

చీపురుపల్లి గేటు

మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. మంచివాడు. ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ల మాటే నిజమని నమ్ముతాడు. అందుకే ఆఖరి మాట నాదయ్యేలా చూసుకుంటాను.

చీపురుపల్లి దగ్గర రైలు గేటు వేశారు. మా కారు సైలెన్సరు గొట్టం అక్కడే ఊడింది. ఆ చప్పుడుకి పక్కన ఆటోలో కూర్చున్న ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. నల్లపొగ వెళ్లి వెళ్లి గేటు పక్కన ముంజెలు అమ్ముకుంటున్న ఒకావిడ గంప మీద పడింది.

"ఓలమ్మో! బాజాల్నేకుండా ఊరేగింపేటమ్మా ఇది?" అంది ఆవిడ. "ఈ ముంజెలింకెవలు కొంటారు? మీరే అట్టుకెల్లండి."

పొగ పట్టిన ముంజెలన్నీ మేమే కొన్నాం. మా కొత్తవలస కన్నా చవకే. కానీ పై తొక్క తీసేదాకా డీజిలు వాసన. మా ఆయన సైలెన్సరుని ఇనుప తీగతో కడుతుంటే, ఆటోలో ఒకావిడ "ఆ తీగేటి సాల్తాది? తాడిమ్మంటారా?" అని తన కట్టెల మోపు తాడు విప్పబోయింది. తీగే చాలని చెప్పి ఒప్పించేసరికి రైలు వెళ్లిపోయింది.

రాజాం

రాజాంలో ధాన్యం బస్తాల కొట్ల మధ్య పాత స్పేర్‌పార్టుల దుకాణం ఒకటుందని ఎవరో చెప్పారు. దుకాణదారు పెద్దాయన. లుంగీ పైకి కట్టి, కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. మేము అడగ్గానే పోత ఇనుము మానిఫోల్డు తీయించి మా ముందు పెట్టాడు. చూడటానికి రోలు కన్నా గట్టిగా ఉంది. టర్బో మూతి కూడా ఛాసిస్‌కి తగలకుండా ముందుకి, రేడియేటర్ వైపుకి తిరిగి ఉంది. మాకు కావలసింది అదే.

"ఫస్టుక్లాసు సరుకు తల్లీ. ఏనుగు తొక్కినా దీనికేటీ అవదు" అన్నాడు.

మా ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తి గుండెలకి ఆనించుకున్నాడు. నేను బేరం మొదలుపెట్టాను. బేరం మధ్యలో పెద్దాయన, "ఇంతకీ ఎవరి తాలూకమ్మా మీరు?" అన్నాడు.

కొత్తవలసలో కూడా ఆ ప్రశ్న అడుగుతారు. కానీ జవాబు విని ఊరుకుంటారు. రాజాంలో అలా కాదు, వేళ్లు దొరికేదాకా తవ్వుతారు. అత్తవారు కొత్తవలస అన్నాను. పుట్టిల్లు? గరివిడి. అమ్మ పుట్టిల్లు? తెర్లాం. తెర్లాంలో ఏ వీధి? రామకోవెల వీధి. ఆ వీధిలో ఎవరు?

మా అమ్మమ్మ పేరు చెప్పగానే పెద్దాయన కుర్చీలోంచి లేచాడు.

"ఒలమ్మా! నువ్వు మా సిన్నమ్మి మనవరాలివేటి!" అని, అటు తిరిగి మా ఆయన చేతుల్లోంచి మానిఫోల్డు లాక్కున్నాడు. "ఒగ్గీ బావూ, అది ఒగ్గీ. దానికి బీటున్నాది, లోపల పగిలింది."

"ఏనుగు తొక్కినా ఏమీ అవదన్నారు కదా మావయ్యా!"

"అప్పుడు మీరు బేరగాల్లు. ఇప్పుడు మనోల్లు. మనోల్లకి అలాటిది అంటగడతానా?"

"పోనీ, బీటు లేనిది ఒకటివ్వండి."

"నా కొట్లోనా?" అని ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు.

మానిఫోల్డు ఇవ్వలేదు కానీ అన్నం పెట్టకుండా వదల్లేదు. ముద్దపప్పు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, ఉలవచారు. మేము పనసపొట్టులో ఆవ కాస్త చూసి వేస్తాం. అక్కడ ముక్కుకి ఘాటెక్కి కళ్లు తిరిగేదాకా వేస్తారు. నేను కళ్లు తుడుచుకుంటుంటే, వడ్డిస్తున్న ఆయన భార్య, అదే మా అత్తయ్య, "పుట్టింటోల్లు గుర్తొచ్చారేటి పాపం" అని ఇంకో గరిటె వేసింది. కారెక్కాక మా ఆయన పొందూరు దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. బీటున్నా సరే, అదే బాగుందట.

శ్రీకాకుళం

శ్రీకాకుళంలో మాకు దొరికిన వెల్డరు కుర్రవాడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఫోను స్టాండు ముందు పని చేస్తున్నాడు. పని తక్కువ, వీడియో ఎక్కువ. కానీ వాడు చేసిన మానిఫోల్డు చూస్తే ఎవరికైనా కళ్లు చెదరాల్సిందే. నాలుగు స్టీలు గొట్టాలు అద్దంలా మెరుస్తూ, ఒకదాన్నొకటి చుట్టుకుని మేక పేగుల్లా మెలికలు తిరిగి ఉన్నాయి.

"నాలుగు గొట్టాలూ ఒకే పొడుగుండాలక్కా. అప్పుడు టర్బోకి పొగ సమానంగా వస్తాది" అన్నాడు.

"ఇదే! ఇదే కావాల!" అన్నాడు మా ఆయన. రాజాం మానిఫోల్డుని అప్పుడే మరిచిపోయాడు.

"మా బండిలో పడుతుందా?" అన్నాను.

"పట్టదు. బానెట్టు కొయ్యాల. కోసి టర్బోని బయటికి తీసీద్దాం. సూసినోల్లు పడిపోతారక్కా."

"ముందు మా బావగారు పడిపోతారు. ఆ తరవాత లేచి నన్ను పడగొడతారు."

బానెట్టు కొయ్యకుండా కుదరదన్నాడు. అదీగాక సన్న గొట్టాలు వేడికి ఎన్నాళ్లు ఆగుతాయని అడిగితే ఫోను సర్దుకుంటూ మాట మార్చాడు. వాడి మంచితనం ఏమిటంటే, దారి మాత్రం సరిగ్గా చూపించాడు. "పొట్టిది, లావుది కావాలంటే బోటు మెకానిక్కుల దగ్గరికెల్లండి. సముద్రం మీద ఆగిపోతే తొయ్యడానికి మనిషుండడు కదక్కా. ఆల్ల సరుకు అలాగుంటాది."

ఆ మాట నాకు నచ్చింది. ఆ రాత్రి లాడ్జిలో పడుకుని, పొద్దున్నే ఇడ్లీ తిన్నాం. చట్నీలో కారం చూసి మా ఆయన మూడు గ్లాసుల నీళ్లు తాగాడు. అప్పటికే శుక్రవారం వచ్చేసింది. ఆ రోజు పని కాకపోతే కారు పోయినట్టే అని ఆయన్ని చెయ్యి కడుక్కోనివ్వకుండానే కారెక్కించాను.

కళింగపట్నం

కారు తారురోడ్డు చివరిదాకానే వెళ్లింది. అక్కణ్నించి ఇసక. మా ఆయన టర్బోని భుజాన వేసుకుని, కొలతల కోసం ఇంజను గాస్కెట్టు చేత్తో పట్టుకుని, బోట్ల మెకానిక్కు ఎర్రన్న పాక దాకా నడిచాడు. ఎర్రన్న ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. మాట అరిచినట్టే ఉంటుంది. "నా సేతి ఇనుం మీద బతికినోల్లు ఈ తీరమంతా ఉన్నారు. మీ కారేపాటి!" అన్నాడు.

ధర అడిగితే మాత్రం చేపల గంప ముందు కూర్చున్న భార్యని చూపించాడు. అక్కడ డబ్బు సంగతి ఆడవాళ్లదేనట. చేప అమ్మేది వాళ్లు, ధర చెప్పేది వాళ్లు, కొంగున ముడి వేసేది వాళ్లు. మా వైపు ఆడవాళ్లు కూడా అదే చేస్తారు కానీ మగవాళ్లకి తెలియనివ్వరు. ఆవిడ ఒక ధర చెప్పింది, నేనొకటి చెప్పాను. ఇద్దరం బాగా అరుచుకున్నాం. మగవాళ్లిద్దరూ కాస్త దూరం జరిగారు. బేరం కుదిరాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని "మంచి నోరమ్మా నీది" అంది. కవ్వళ్ల చేపల పులుసుతో అన్నం పెట్టింది. ఆ పులుసు గురించి రాయడం మొదలుపెడితే మానిఫోల్డు మరుగున పడిపోతుంది కాబట్టి రాయను.

అక్కడే నేనొక పొరపాటు చేశాను. తిన్నాక ఆవిడతో కబుర్లలో పడి, ఎర్రన్నకి సంగతులన్నీ చెప్పే పని మా ఆయనకి వదిలేశాను. సాయంత్రానికి ఎర్రన్న మానిఫోల్డు తెచ్చి చాప మీద పెట్టాడు. లావుపాటి గొట్టం, పొట్టిగా, దిట్టంగా ఉంది. అతుకులు వేలంత మందం. నాకు చాలా నచ్చింది. అప్పుడు దాని పైన అతికిన చదరపు పలక కనబడింది.

"ఈ పలక ఎందుకు?" అన్నాను.

"టీ గిన్నికి" అన్నాడు ఎర్రన్న.

"టీ గిన్నె ఏమిటి?"

"మరి? సముద్రంలో ఏట మీద టీ ఎలాగ కాగుతాది? బోట్లో పొయ్యెట్టం. దీని మీదే టీ, దీని మీదే కూర ఏడి సేసుకుంటాం. అందుకే టర్బోని కూడా మనిషి కూకునే ఏపు ఎట్టినాను. దూరంగా ఎడితే గిన్ని ఎలాగందుతాది?"

టర్బో ముందుకి, రేడియేటర్ వైపు ఉండాలి. ఈయన దాన్ని వెనక్కి, ఎడమ సీటులో కూర్చునే మనిషి కాళ్ల ముందున్న రేకు గోడ దగ్గరికి పెట్టాడు.

"ఏమండీ! ఏ వైపు ఉండాలో చెప్పలేదా?" అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"ఆయన అడగలేదు కదే" అన్నాడు.

"కారులో టీ కాసుకుంటామటయ్యా ఎవరైనా?" అని ఎర్రన్నని అడిగాను.

"కాసుకోరా?" అని ఎర్రన్న నిజంగా ఆశ్చర్యపోయాడు. "మరి అంతంత దూరం ఎలాగెల్తారు? దార్లో కొనుక్కుంటారా? దండగ కాదేటి!"

తిప్పి బిగిద్దామంటే టర్బో తలకిందులవుతుంది, నూనె కిందికి దిగదు. కోసి మళ్లీ అతకమంటే, రేపు గంగమ్మ పండగ, పండగైందాకా సమ్మెట ముట్టనన్నాడు. ఎంత అరిచినా లాభం లేకపోయింది. అక్కడ అరవడం మామూలు మాటే కదా, ఎవరూ పట్టించుకోలేదు.

గత్యంతరం లేక రోడ్డు మీదే బిగించి చూశాం. టర్బోకీ రేకు గోడకీ మధ్య వేలు దూరేంత సందు మిగిలింది. స్టార్టు చేసి ఎక్కిలేటర్ తొక్కాను. సన్నగా ఈల వినిపించింది. కారు ఒక్క ఉదుటున ముందుకి దూకింది. అమ్మబాబోయ్, ఆ సంతోషం చెప్పలేను! హైవే ఎక్కాక బస్సుల్ని దాటుతూ వచ్చాను. పక్కన కూర్చున్న మా ఆయన రణస్థలం దగ్గర నిద్ర వస్తోందని వెనక సీట్లోకి మారిపోయాడు. ఆయనకి అంత పెందరాళే నిద్ర రాదని నాకు అప్పుడే తట్టాల్సింది.

సాలూరు ఘాటు

ఆదివారం నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. ఎడమ సీట్లో బావగారు, వెనక మా తోడికోడలు నరసమ్మక్క, మా ఆయన. డిక్కీలో బియ్యం బస్తాలు. ఇల్లంతా వెతికి మరీ పెద్ద బస్తాలే వేయించారు బావగారు. సాలూరు లారీల ఊరు. రోడ్డు పొడుగునా లారీలే. ఊరు దాటాక కొండ కింద ఆగి, బావగారు చొక్కా గుండీ సర్దుకుని "కానీ" అన్నారు.

మొదటి మలుపులోనే టర్బో ఈల వేసింది.

"ఏటది? ఈలేస్తన్నాదేటి?" అన్నారు.

"దమ్ము పీలుస్తోంది బావగారూ."

రెండు మలుపులు ఎక్కేసరికి ఆయన కాళ్లు ఇటు జరిపారు. ఇంకో మలుపులో అటు జరిపారు. ఆ తరవాత రబ్బరు కాలిన వాసన వచ్చింది.

"ఏటో కాల్తన్నాది" అంది వెనక నుంచి నరసమ్మక్క.

"నా సెప్పు!" అన్నారు బావగారు. రెండు కాళ్లూ ఎత్తి సీటు మీద మఠం వేసుక్కూర్చున్నారు. "ఓరి నాయనో, ఇక్కడ కుంపటెట్టినారేట్రా సింహాచలం?"

మా ఆయన కిటికీలోంచి కొండలు చూడసాగాడు.

ముందు ఒక సరుకు లారీ మూలుగుతూ పాకుతోంది. రోడ్డు తిన్నగా ఉన్నచోట హారను కొట్టి దాన్ని దాటేశాను. బావగారు వేడి మరిచిపోయి, కిటికీలోంచి తల బయటపెట్టి, లారీ కనుమరుగయ్యేదాకా వెనక్కే చూశారు. ఆ ముఖం చూస్తే నాకు కడుపు నిండిపోయింది. తల లోపలికి పెట్టగానే మళ్లీ సెగ తగిలింది.

"ఒలమ్మీ, ఆపు. ఒక్క నిమిసం ఆపు. నీల్లు పోస్తాను."

"ఆపితే ఇనుము కొట్టుకే కదా బావగారూ!"

ఆయన పళ్లు బిగించి ఇంకో రెండు మలుపులు ఓర్చుకున్నారు. సీటు కింద కూడా వేడెక్కింది. ఒకసారి ఈ తొడ మీద, ఒకసారి ఆ తొడ మీద ఒరుగుతున్నారు.

"అమ్మీ! కారు నీదే! ఇచ్చీసినాను! ఆపు తల్లీ!"

"సాక్ష్యం నేనున్నాను" అన్నాడు మా ఆయన వెనక నుంచి.

ఆపేస్తే అయిపోయేది. కారు నాదైపోయేది. కానీ నాకు పౌరుషం వచ్చింది. ఆయన కాళ్లు కాల్చి ఇప్పించుకున్న కారుగా అది నాకు వద్దు. కొండ ఎక్కి గెలిచిన కారుగా కావాలి.

"పైదాకా అన్నారు. మాట మీద ఉండండి బావగారూ" అని ఎక్కిలేటర్ నొక్కాను.

ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నరసమ్మక్క నవ్వు ఆపుకోలేక ముందు సీటు పట్టుకుని ఊగిపోయింది. అలాగే పైకి ఎక్కేశాం.

బావగారు చెప్పుల్లేని కాళ్లతో దిగి కాసేపు గంతులు వేశారు. తరవాత కారు చుట్టూ ఒకసారి తిరిగారు. వేడిగా ఉందని తెలిసీ బానెట్టు మీద చెయ్యి పెట్టి, చురుక్కుమన్నా తియ్యలేదు.

"సచ్చిపోయిందనుకున్నానమ్మీ" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "దాని సావు సూడ్నేకే అమ్మీసెద్దామన్నాను."

నాకూ ఏడుపు ఆగలేదు. తాళం చెవి ఆయనకి ఇవ్వబోతే "నీదే. నీ కారే" అన్నారు. మళ్లీ వెంటనే, "దిగేటప్పుడు మాత్రం నాను తోల్తాను. నువ్వటు కూకో" అన్నారు.

ఎడమ సీటు ఎక్కి కాళ్లు మడుచుకున్నాను. దిగుడులో ఇంజనుకి పని లేదు కాబట్టి సెగ అంతగా లేదు. బావగారు పాత టాక్సీ రోజుల్లోలా, మోచెయ్యి కిటికీ మీద పెట్టి, వంకర్లన్నీ ఒంటి చేత్తో తిప్పుకుంటూ కిందికి తెచ్చారు. కొండ కింద సాలూరు వైపు వెళ్తారనుకున్నాను. ఆయన వేగం తగ్గించి, అటూ ఇటూ చూసి, కారుని గిర్రున వెనక్కి తిప్పి మళ్లీ ఘాటు ముఖం పట్టించారు.

"ఏటండీ, ఎక్కడికి?" అంది నరసమ్మక్క.

"ఇంకోపాలి ఎక్కుదాం" అన్నారు బావగారు, ఎక్కిలేటర్ తొక్కుతూ. టర్బో ఈల వేసింది. నా కాళ్ల దగ్గర సెగ మొదలైంది.

"బావగారూ, నా చెప్పులు!" అన్నాను.

"మాట మీదుండమ్మీ" అన్నారాయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా నవ్వుతూ.

నాకు కాళ్లు కాలుతూనే ఉన్నాయి. ఆపమని మాత్రం అనలేదు.